పిల్లలు ‘ఎందుకు’ అని అడగడం మానేస్తే: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

నమస్కారమమ్మా. ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి చిన్నప్పుడు ఊపిరి తీసుకోనివ్వకుండా ప్రశ్నలు వేసేదనీ, ఇప్పుడు మార్కులు బాగానే తెచ్చుకుంటున్నా ఏ పాఠం గురించైనా ‘ఇది పరీక్షకు వస్తుందా?’ అని తప్ప మరొకటి అడగడం లేదనీ రాశారు. కుతూహలం పుట్టుకతో వచ్చే గుణమా, పోతే తిరిగి తెచ్చుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. చివర్లో ఇంకో రెండు మాటలు కూడా చేర్చారు: ఇంట్లో మీ ఇద్దరి మధ్య సంభాషణ ‘తిన్నావా, హోంవర్క్ అయిందా’ దగ్గరే ఆగిపోతోందని, అసలు మీకే దేనిమీదా ఆసక్తి కలగడం లేదని. నాకు ఆ చివరి మాటలే మీ అసలు ప్రశ్నలా తోచాయి. అందుకే రెండింటికీ కలిపి జవాబు రాస్తున్నాను. నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేశాను. చెప్పేదంతా ఆ తరగతి గదుల్లో చూసినదాని మీద, ఆ చూసినదాన్ని అర్థం చేసుకోవడానికి చదువుకున్నదాని మీద ఆధారపడి చెబుతున్నదే.

సూటిగా చెప్పాలంటే, మీ అమ్మాయిలో కుతూహలం ఎక్కడికీ పోలేదు. దాన్ని బయటపెట్టే చోటు ఆమెకు దొరకడం లేదు. పుట్టుకతో కొందరికి అది కాస్త ఎక్కువగా, కొందరికి కాస్త తక్కువగా ఉంటే ఉండవచ్చు. కానీ ఒక పిల్లవాడు రోజుకు ఎన్ని ప్రశ్నలు అడుగుతాడన్నది, ఇంతకుముందు అడిగినప్పుడు ఎదుటివారు ఏం చేశారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా అనుభవం. ఒకే పిల్లవాడు ఒక పీరియడ్‌లో బొమ్మలా కూర్చుని, తరువాతి పీరియడ్‌లో ఎత్తిన చెయ్యి దించకుండా అడగడం బడిలో పనిచేసిన వారందరూ చూసే ఉంటారు. కాబట్టి ఆమెకు ప్రశ్నలు అడగడం నేర్పించాలని మీరు బయలుదేరనక్కరలేదు. మీకు నిజంగా తెలియని సంగతి ఒకటి ఆమెను అడగండి, అడిగి ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వినండి. ఇది మరీ చిన్న సలహాలా కనిపిస్తుంది గనుక, దాని వెనక ఉన్న కారణాలను వివరంగా రాస్తాను.

చిన్నపిల్లల సంభాషణలను అక్షరం పోకుండా నమోదు చేసి పరిశీలించిన మిషెల్ షూనార్ అనే పరిశోధకురాలు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పెద్దవారితో మాట్లాడుతున్న వేళ అయిదేళ్ల లోపు పిల్లలు ఏదో ఒక సంగతి తెలుసుకోవడం కోసమే గంటకు సగటున 70కి పైగా ప్రశ్నలు అడుగుతారు. సరైన జవాబు రాకపోతే ఊరుకోరు, మళ్లీ అడుగుతారు. పిల్లలు మన దృష్టి తమమీద పడాలనే ఊరికే ప్రశ్నలు వేస్తారనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది; వాళ్లకు కావలసింది జవాబే. బడిలో చేరిన తరువాత ప్రశ్నకు మూల్యం చెల్లించవలసి వస్తుంది. ‘సిలబస్‌లో లేదు, కూర్చో’ అనిపించుకోవడం ఒక మూల్యం. పోర్షన్ పూర్తి కావాలన్న ఆత్రంలో ఉన్న ఉపాధ్యాయుడి ముఖంలో కనిపించే విసుగు ఇంకొకటి. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి వీటన్నిటికన్నా పెద్దది తోటివారి నవ్వు. ఆ వయసు ఆడపిల్లలకు అది మరింత బరువు. తెలివైన పిల్లలు ఈ లెక్కను త్వరగా గ్రహించి, మూల్యం లేని ప్రశ్న ఒకటే మిగుల్చుకుంటారు. ‘పరీక్షకు వస్తుందా?’ అని అడిగితే ఎవరూ నవ్వరు, ఏ ఉపాధ్యాయుడూ విసుక్కోడు. మీ అమ్మాయి చేస్తున్నది సోమరితనం కాదని, తన చుట్టూ ఉన్న పరిస్థితిని బాగా అర్థం చేసుకుని చేస్తున్న పని అని ముందు మీరు గుర్తించాలి.

ఇక్కడ ఇంటికీ పనికొచ్చే మరో సంగతి ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి 1970లలో చూపించిన విషయమిది. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక్క సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచుకున్న తరగతుల్లో పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు మాట్లాడని పిల్లలు నోరు విప్పారు, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లలు తమంతట తాము వేసే ప్రశ్నలు పెరిగాయి. మూడు సెకన్లంటే ఏమంత అని అనిపిస్తుంది గానీ, తరగతి ముందు నిలబడి మౌనంగా ఆగి చూస్తే అదెంత పొడవో తెలుస్తుంది. ఇంట్లో మన తొందర ఇంకా ఎక్కువ. ‘ఇవాళ బడిలో ఏం జరిగింది?’ అని అడిగి, ఆమె ఆలోచించుకునే లోపే ‘మ్యాథ్స్ స్లిప్ టెస్ట్ పేపరు ఇచ్చారా?’ అని రెండో ప్రశ్న వేస్తాం. మొదటి ప్రశ్న మాట వరసకు అడిగిందనీ, అసలు కావలసింది రెండోదనీ పిల్లకు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

ఒక పాఠం ఎలా నడిచిందో దగ్గరగా చూపిస్తాను. ఏడో తరగతి పిల్లల ముందు ఐసు ముక్కలు వేసిన నీళ్లు స్టీలు గ్లాసులో పెట్టాను. కాసేపటికి గ్లాసు బయట చుక్కలు పట్టాయి. ఈ నీళ్లు ఎక్కడివని అడిగితే ముందు బెంచీలన్నీ ఒక్క గొంతుతో ‘సాంద్రీకరణం సార్’ అన్నాయి. ఆవిరి చల్లబడి నీరుగా మారడానికి పుస్తకంలో ఉన్న పేరది. సరే, సాంద్రీకరణమే, నీళ్లు మాత్రం ఎక్కడి నుంచి వచ్చాయని మళ్లీ అడిగితే ఎవరూ పలకలేదు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు మెల్లగా ‘లోపలి నీళ్లే ఊరి బయటికొచ్చినయ్ సార్, మా ఇంట్ల కుండకు అట్లనే ఊరుతది’ అన్నాడు. అందరూ నవ్వారు. నిజానికి ఆ గదిలో అప్పటిదాకా ఆలోచించినవాడు అతనొక్కడే. కుండ విషయంలో అతను చెప్పింది అక్షరాలా నిజం: మట్టి కుండకున్న సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, బయట ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. తాను కళ్లారా చూసిన కారణాన్ని కొత్త చోట పెట్టి చూశాడు.

అందుకని తప్పనో ఒప్పనో చెప్పకుండా, అతను చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడం ఎట్లా అని తరగతినంతటినీ అడిగాను. ఒక అమ్మాయి నీళ్లలో సిరా కలుపుదామంది. లోపలి నీళ్లే ఊరితే బయటి చుక్కలు కూడా నీలంగా ఉండాలి కదా అన్నది ఆమె వాదన. కలిపి, చుక్కలు పట్టాక తెల్లటి రుమాలుతో తుడిచి చూశాం. నీలం మరక పడలేదు. అసలు నీళ్లే పోయకుండా ఖాళీ గ్లాసును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఏమవుతుందని మరొకడు అడిగి, మర్నాడు ఇంటి దగ్గర చేసి చూసి వచ్చి, ఖాళీ గ్లాసుకూ చుక్కలు పట్టాయని చెప్పాడు. కిరాణా కొట్టు పెట్టుకున్న వాళ్ల పిల్లవాడు మూత బిగించిన చల్లటి చెంబును ఎలక్ట్రానిక్ కాటా మీద ఉంచి, బరువు కొద్దికొద్దిగా పెరగడం చూశానన్నాడు. గాలిలో కంటికి కనిపించని నీరుందన్న సంగతి వాళ్లు పుస్తకంలో ఎప్పుడో చదివారు. దాన్ని నమ్మింది మాత్రం ఆ వారమే.

ఇంకా విలువైనది ఆ తరువాత వచ్చింది. తండ్రికి బదిలీ కావడంతో బందరు నుంచి వచ్చి చేరిన పిల్లవాడొకడు అన్నాళ్లూ నోరు విప్పి ఎరుగడు. అతను లేచి, ‘మా ఊళ్లో ఎండాకాలం చల్లటి గ్లాసు పెడితే బల్లంతా తడిసిపోయేదండి, ఇక్కడెందుకు అంత తడవట్లేదు?’ అని అడిగాడు. సముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, నల్గొండ ఎండల్లో గాలి పొడి. చల్లటి గ్లాసుకు అంటుకోవడానికి ఇక్కడి గాలిలో నీరు తక్కువ. వాతావరణ శాఖ వారు చెప్పే తేమ శాతానికి అర్థం ఏమిటో ఆ ఒక్క ప్రశ్నతో తరగతికంతా తెలిసింది. పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్న లేదు. రెండు ఊళ్ల గాలినీ ఎరిగిన పిల్లవాడికి తప్ప మరొకరికి తట్టే అవకాశమూ లేదు.

దీన్నుంచి చాలామంది తల్లిదండ్రులు పొరబడే ఒక విషయానికి వస్తాను. కుతూహలం శూన్యంలో పుట్టదు. ఎంతో కొంత తెలిసిన చోటే పుడుతుంది. జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1994లో దీన్ని ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు: తెలిసినదానికీ తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడు కలిగే అసౌకర్యమే కుతూహలమని. ఏమీ తెలియని విషయంలో ఆ ఖాళీ కనబడదు, అంతా తెలుసనుకున్న విషయంలోనూ కనబడదు. కాబట్టి ‘పుస్తకాలు పక్కన పెట్టు, స్వేచ్ఛగా ఆలోచించు’ అని పిల్లలకు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. బడిలో నేర్పేది అనవసరమని, బట్టీ చదువును తిడితే సరిపోతుందని అనుకునేవారితో నేను ఏకీభవించను. ఎక్కాలు, సూత్రాలు, పేర్లు తెలిసి ఉండాలి. వాటి దగ్గరే ఆగిపోకూడదు.

సర్ సి.వి. రామన్ జీవితంలో దీనికి అందరూ ఎరిగిన నిదర్శనం ఉంది. ఆయన తండ్రి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా ఉండేవారు, రామన్ చదువు మొదలైందీ ఆ సముద్రపు ఒడ్డునే. 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు గాఢమైన నీలిరంగును చూశారు. సముద్రం నీలంగా కనిపించడం ఆకాశపు నీలం ప్రతిఫలించడం వల్లనేనని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ ప్రభువు అప్పటికే చెప్పి ఉన్నారు. అంతటి శాస్త్రవేత్త జవాబు చెప్పిన తరువాత ఇంకా అడగడానికేముందని ఎవరైనా అనుకుంటారు. కానీ రామన్‌కు కాంతి ధ్రువణం గురించి, అంటే కాంతి తరంగాలు ఒకే దిశలో కంపించేలా మారడం గురించి తెలుసు. నీటి ఉపరితలం నుంచి ఒక ప్రత్యేకమైన కోణంలో ప్రతిఫలించే కాంతి అలాంటిదేనని, దాన్ని నికాల్ పట్టకం అనే స్ఫటికంతో ఆపేయవచ్చని తెలుసు. ఓడ మీద అదే చేశారు. ఆకాశపు ప్రతిఫలనం ఆగిపోయినా సముద్రపు నీలం పోలేదు సరికదా, మరింత చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్న ఆ ఆలోచన వెంట సాగిన పరిశోధనే 1928 ఫిబ్రవరి 28న, చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందన్న ‘రామన్ ఫలితం’గా తేలింది, 1930లో నోబెల్ బహుమతి తెచ్చింది. ఆ ఓడలోని ప్రయాణికులందరూ ఆ నీలాన్నే చూసి ఉంటారు. ధ్రువణం గురించి చదువుకున్నవాడికి మాత్రమే ఆ చోట సందేహం కలిగింది.

జవాబులు ఎలా చెప్పాలన్నది మీకు తరువాత వచ్చే సమస్య. పిల్ల ప్రశ్న అడగ్గానే పూర్తి ఉపన్యాసం ఇస్తే ఆమె వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. 2011లో ఎలిజబెత్ బోనావిట్జ్, ఆమె సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగంలో బడి ఈడు రాని పిల్లలకు రకరకాలుగా పనిచేసే ఒక కొత్త బొమ్మను ఇచ్చారు. అది కూత పెట్టే విధానాన్ని టీచరులా నేర్పించి ఇస్తే, పిల్లలు ఆ ఒక్కటే చేసి త్వరగా వదిలేశారు. అనుకోకుండా కూత వచ్చినట్టు చూపించి ఇచ్చినప్పుడు ఎక్కువసేపు ఆడుకుని, దానిలోని ఇతర విశేషాలను తామే కనుక్కున్నారు. నేర్పించడం చెడ్డదని దీని అర్థం కాదు. ఇంతే ఉందన్నట్టు నేర్పిస్తే పిల్లలు ఇంతేననుకుంటారు. అలాగని ప్రతి ప్రశ్నకూ ‘నువ్వే ఆలోచించు’ అని తిప్పికొట్టడం కూడా వద్దు. నిజంగా జవాబు కావలసి అడిగిన పిల్లకు అది తలుపు మూసినట్టే ఉంటుంది. నేను పాటించిన పద్ధతి ఏమిటంటే, అడిగినదానికి రెండు మూడు వాక్యాల్లో నిజాయితీగా జవాబు చెప్పి, అందులో నాకు ఆశ్చర్యం కలిగించే అంశం ఒకటి పైకి అనడం. ఆమెకు ఆసక్తి ఉంటే అక్కడి నుంచి అందుకుంటుంది. లేకపోతే అంతటితో వదిలేయాలి.

జవాబు తెలియకపోతే? ‘నాకు తెలియదు’ అనడం వల్ల పిల్లల దగ్గర చులకనైపోతామేమోనని తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ కూడా భయపడతారు. మన సంప్రదాయంలో ఆ భయానికి ఆధారం లేదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేత పట్టుకుని పిప్పలాద మహర్షి దగ్గరకు వెళ్తారు. ఆయన వాళ్లను ఒక సంవత్సరం తన దగ్గర ఉండమని, ఆ తరువాత ఇష్టమైన ప్రశ్నలు అడగమని, తమకు తెలిసి ఉంటే అన్నీ చెబుతామని అంటాడు. అంతటి గురువు ‘తెలిసి ఉంటే’ అన్న షరతు ముందే పెట్టాడు. ఆ ఆరుగురిలో ఒకడైన సుకేశుడు, కోసల దేశపు రాజకుమారుడు తనను అడిగిన ప్రశ్నకు తనకు తెలియదనే చెప్పి పంపానని, అబద్ధం చెప్పే ధైర్యం తనకు లేదని గురువుకు విన్నవిస్తాడు. ఆ తెలియని ప్రశ్ననే ఇప్పుడు గురువు ముందు పెడతాడు. పిల్లల ముందు తెలియదని ఒప్పుకుని, తరువాత కలిసి వెతికి తెలుసుకున్న జవాబు వాళ్లకు చాలా కాలం గుర్తుంటుంది. తెలియకుండా ఏదో ఒకటి చెప్పేసిన జవాబు, అబద్ధమని తేలిన రోజున, మిగతా జవాబులన్నిటినీ అనుమానంలో పడేస్తుంది.

దీనివల్ల మార్కులు తగ్గుతాయేమోనన్న ఆందోళన మీ ఉత్తరంలో కనిపించింది. తగ్గవలసిన కారణం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో జరిగి 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, జవాబు తెలుసుకోవాలన్న ఆత్రం ఎక్కువగా ఉన్న ప్రశ్నల జవాబులు అందులో పాల్గొన్నవారికి బాగా గుర్తున్నాయి. అంతే కాదు, ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్న కొద్ది సెకన్లలో మధ్యలో చూపించిన, విషయంతో ఏ సంబంధమూ లేని ముఖాలు కూడా మిగతావాటి కంటే బాగా గుర్తున్నాయి. ఆత్రంగా ఉన్న మనసు దారిలో ఎదురైన వాటిని కూడా పట్టుకుంటుందన్నమాట. అయితే ఒక హెచ్చరిక చేయాలి. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నప్పుడు ప్రతి పాఠాన్నీ ఇలా తవ్వుకుంటూ కూర్చోవడం కుదరదు, ఆ సమయంలో ఆమె ‘పరీక్షకు వస్తుందా?’ అని అడగడం సమంజసమే. దానికోసం ఆమెను తప్పుపట్టవద్దు.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. డేనియల్ బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960 నాటికే, విసుగు పోగొట్టుకోవడానికి ఏదో ఒక కొత్తదనం కోసం తడుముకోవడాన్నీ, ఒక నిర్దిష్టమైన సందేహం తీరేదాకా వెతకడాన్నీ వేరువేరుగా చూపించారు. ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే చిన్న వీడియోలు మొదటిదాన్ని అంతులేకుండా పోషిస్తాయి. రెండోదానికి కూడా అదే ఫోన్ అద్భుతంగా పనికొస్తుంది. తేడా ఎక్కడుందంటే, ఫోన్ చేతిలోకి తీసుకోకముందే ఆమె మనసులో ప్రశ్న ఉందా లేదా అన్నదానిలో ఉంది.

ఇక మీ రెండో ప్రశ్న, మనుషుల మధ్య మాట. దీనికి సిద్ధాంతం కన్నా ఒక పిల్లవాడి సంగతి చెబితే మేలు. దసరా సెలవులకు నేను పిల్లలకు ఇచ్చే పని ఒకటుండేది: ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని వారు చేసిన పని గురించి ఏదైనా అడగాలి, వచ్చిన జవాబులోంచే ఇంకో ప్రశ్న తీసి అడగాలి, దాని జవాబులోంచి ఇంకొకటి. అంతకుమించి నియమం లేదు. ఒక అబ్బాయి తాత గీత కార్మికుడు, వయసు మీద పడి చెట్లెక్కడం మానేసినవాడు. మనవడు మొదట అడిగింది తాటిచెట్టు ఎక్కేటప్పుడు భయం వేయదా అని. చెట్టెక్కే తాడైన మోకును ఎట్లా బిగించాలో, గీత పనిముట్లు పెట్టుకునే ముస్తాదును నడుముకు ఎట్లా కట్టుకోవాలో తాత చెప్పాడు. చెబుతూ చెబుతూ, నీరా, అంటే పులవని తాజా రసం కావాలంటే, చెట్టుకు కట్టే లొట్టి అనే కుండ లోపల సున్నం పూసి కట్టేవాళ్లమని, అట్లా చేస్తే పులవకుండా తియ్యగా ఉంటుందని అన్నాడు. సున్నానికీ తీపికీ సంబంధమేమిటని మనవడు అడిగాడు. ‘మా నాయన చేసిండు, నేను చేసిన. ఎందుకో మీ సార్‌నడుగు’ అన్నాడట ఆయన.

ఆ ప్రశ్నను అబ్బాయి తరగతికి మోసుకొచ్చాడు. తాటిచెట్టు నుంచి కారే రసంలో చక్కెర ఉంటుంది. గాలిలోంచి, లొట్టిలోంచి చేరే ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులు కొన్ని గంటల్లోనే ఆ చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. కల్లుకు నురగ వచ్చేది ఆ వాయువు వల్లనే. సున్నం క్షారం. క్షారం ఎక్కువైన చోట ఆ జీవులు పెరగలేవు. ఆ రోజు పసుపు పూసిన కాగితం మీద సున్నపు నీటి చుక్క వేసి ఎర్రబడటం చూశాం, చక్కెర నీళ్లలో ఈస్ట్ వేసిన రెండు సీసాల్లో ఒకదానికి సున్నం కలిపి పెట్టి, ఏది పొంగుతుందో చూశాం. ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠం, పదో తరగతి ఆమ్లాలు-క్షారాల పాఠం ఒక ముసలాయన మాటతో ఒకటయ్యాయి. అబ్బాయి జవాబు తీసుకుని ఇంటికి వెళ్లాడు. ఆ తరువాత తాతే రోజూ సాయంత్రం ఇవాళ బడిలో ఏం చేశారని వాణ్ణి అడగడం మొదలుపెట్టాడని వాళ్లమ్మ నాతో చెప్పింది. అంతకుముందు వాళ్లిద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదట.

ఇందులో పనిచేసింది రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న ఎవరైనా మర్యాదకు అడుగుతారు. ఎదుటివారు చెప్పినదాన్ని పట్టుకుని తరువాతి ప్రశ్న అడిగినప్పుడే మనం విన్నామని వారికి తెలుస్తుంది. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా పరిచయమైనవారి సంభాషణలను పరిశీలిస్తే ఎక్కువ ప్రశ్నలు అడిగినవారినే ఎదుటివారు ఎక్కువగా ఇష్టపడ్డారని, అందులోనూ చెప్పినదాని మీదే మళ్లీ అడిగే ప్రశ్నలకు ఆ బలం ఉందని తేలింది. అయితే అడగడమంతా ఒకటి కాదు. జీతమెంత, పెళ్లెప్పుడు, మీ వాడికి ర్యాంకెంత అని మన ఇళ్లకు వచ్చేవాళ్లూ అడుగుతారు. ఆ ప్రశ్నలు మనిషిని కొలిచి పక్కన పెట్టడానికి పనికొస్తాయి, అందుకే వాటికి జవాబు చెప్పేవారు ముడుచుకుపోతారు. ‘ఎన్ని మార్కులు?’ అన్నది కూడా మీ అమ్మాయికి అలాగే వినిపిస్తుందని గుర్తుంచుకోండి. దాని బదులు, తన తరగతిలో లెక్కలు అందరికంటే బాగా విడమరిచి చెప్పే పిల్ల ఎవరో, ఆ పిల్ల ఎట్లా చెబుతుందో అడిగి చూడండి. మీకు అది నిజంగా తెలియదు, ఆమెకు తెలుసు.

మీకే ఆసక్తి కలగడం లేదన్నారు. కొత్త హాబీ వెతుక్కోమని నేను చెప్పను. మీరు రోజూ చేసే పనిలోనే అర్థం కాకుండా వదిలేసినవి చాలా ఉంటాయి, వాటిలో ఒకటి తీసుకోండి. ఉదాహరణకు దోసెల పెనం. ఒక మోస్తరుగా వేడెక్కిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని వెంటనే ఇగిరిపోతాయి. బాగా కాలిన పెనం మీద అదే చుక్క ముత్యంలా గుండ్రంగా అటూఇటూ దొర్లుతూ ఎక్కువసేపు నిలుస్తుంది. వేడి పెరిగితే త్వరగా ఆవిరి కావాలి కదా, ఎందుకు ఆలస్యమవుతోంది? చుక్క కింది భాగం క్షణంలో ఆవిరై ఒక పొరలా ఏర్పడి, పెనానికి చుక్క తగలకుండా మోస్తుంది. ఆ ఆవిరి పొర గుండా వేడి సరిగా చేరదు. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీన్ని వివరించాడు. కారణం నేను చెప్పేశాను గానీ, మీ అమ్మాయికి మీరు చెప్పకండి. ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి, ఏ వేడి దగ్గర చుక్క దొర్లడం మొదలవుతుందో చూడండి.

వైద్యులు చెప్పవలసిన మాట ఒకటి నేను కూడా గుర్తు చేయాలి. పాఠాల మీదనే కాకుండా స్నేహితుల మీద, ఆటల మీద, తిండి మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర చెడిపోయి, వారాల తరబడి అలాగే ఉంటే, అది మీ విషయంలోనైనా ఆమె విషయంలోనైనా, ఈ సలహాలతో సరిపెట్టుకోకండి. అది కుతూహలానికి సంబంధించిన సమస్య కాకపోవచ్చు. మానసిక వైద్యుణ్ణి సంప్రదించడానికి సంకోచించవద్దు.

మిగిలినదంతా నెమ్మదిగా జరిగే పని. మొదటి కొన్ని వారాలు ఆమె మీ ప్రశ్నలకు ‘ఏమో’ అనే అనవచ్చు. ఇన్నాళ్లూ లేని అమ్మ ఆసక్తి వెనక ఏదో పరీక్ష ఉందేమోనని చూస్తుంది. అప్పుడు ప్రశ్నల కోసం ఒక నోట్‌బుక్ పెట్టించడం, రోజుకు ఇన్ని అడగాలని లెక్క పెట్టడం చేయకండి. అది ఇంకో సబ్జెక్టు అయి కూర్చుంటుంది. ఆమె ఏదైనా మంచి ప్రశ్న అడిగితే అక్కడికక్కడే దాని గురించి మాట్లాడండి గానీ, ‘మా అమ్మాయి ఎంత తెలివైన ప్రశ్న వేసిందో’ అని చుట్టాల ముందు చెప్పకండి. ఆమె అడిగినదానికి ఆ రోజు సమయం లేకపోతే ఎప్పుడు మాట్లాడుకుందామో చెప్పి, ఆ వేళకు మీరే గుర్తు చేయండి.